ఇరవై ఒక్క రోజుల గడువు

పేరు చెరిపేసి పంపారు.
ఊరు, విశ్వవిద్యాలయం చెరిపేసి,
కృతజ్ఞతల పేరా కూడా కోసేసి
పద్నాలుగు పేజీలు.
"మీ అభిప్రాయం ఇరవై ఒక్క రోజుల్లో తెలుపగలరు."

మొదటి రోజు తెరవలేదు.
దిద్దాల్సిన జవాబు పత్రాలు, ల్యాబులో కాలిపోయిన మోటారు.
రెండో రాత్రి, భవానీనగర్ అద్దె ఇంట్లో
కరెంటు పోయి వచ్చాక మొదలుపెట్టాను.

స్వర్ణముఖి.
ఇసక తోడేసిన చోట నీళ్ళు ఎంత లోతుకు దిగాయో
యాభై రెండు బావుల లెక్క.

నా బీరువాలోనూ అదే ఏరు ఉంది.
నలభై బావులు, మూడు ఎండాకాలాలు,
తాడుకు కట్టిన టేపు,
ఏర్పేడు దగ్గర కుక్క కరిచిన మచ్చ,
రాయాలి రాయాలి అనుకుంటూ
రాయని వ్యాసం.

ఎవరో రాసేశారు.
అంతటితో పోలేదు. నేను మూడేళ్ళుగా విప్పలేని ముడిని
ఆరో పేజీలో, నాలుగు వరుసల్లో విప్పేశారు.
వాన నీటినీ ఏటి నీటినీ విడదీసే ఒక చిన్న లెక్క.
ఎంత చిన్నదంటే
దొంగిలించినా ఎవరికీ కనపడదు.

అప్పుడు నాయన గుర్తొచ్చాడు.
చిత్తూరు బెల్లం మండీలో నాణ్యం చెప్పే పని ఆయనది.
బంగారుపాళెం బండ్లు, పూతలపట్టు బండ్లు;
దిమ్మెల మీద రైతు పేరుండదు, సున్నంతో వేసిన నంబరే.
మూలన గిల్లి నాలిక మీద పెట్టుకుని
కళ్ళు మూసుకునేవాడు.
ఉప్పు నీళ్ళ చెరకా, పాకం మాడిందా,
తెల్లగా మెరవను మందు కలిపినారా,
చెప్పి, పక్కకు తిరిగి ఉమ్మేసేవాడు.
నాకప్పుడు ఎనిమిదేళ్ళు.
బెల్లం ఉమ్మేసే మనిషిని అదే చూడడం.
"యాల నాయనా, మింగొచ్చు గదా?"
"మింగితే రుచి జూసినట్టు గాదు పాపా,
తిన్నెట్టు."

ఒకసారి జొరంతో పోయి
చెంగల్రాయుడి బెల్లం చేదన్నాడు.
మరుసటి సంతకు జొరం తగ్గింది,
మండీ నడుమ నిలబడి
"ఆ పొద్దు నా నాలిక బాగలేదు" అన్నాడు.
ధర మాత్రం తిరిగి రాలేదు.

పదకొండేళ్ళ కిందట నా తొలి వ్యాసాన్ని
ఒకాయన పదహారు నెలలు దగ్గర పెట్టుకుని
ఒకే ముక్క రాశాడు: "భాష బాగలేదు."
ఆయనకు ఆ పొద్దు ఏం జొరమో
నాకు ఇప్పటికీ తెలీదు.

నాలుగో పట్టికలో ఒక తప్పుంది.
జంటవేపల బావి, రెడ్డివారి బావి
రెండూ ఒకటే.
పడమటి పిట్టగోడ కూలిన ఆ బావిలోకి
తాడు వదిలినవాళ్ళకే అది తెలుస్తుంది.
దీన్ని పట్టుకుని తిప్పి పంపొచ్చు.
ఆరు నెలలు చాలు,
నాది ముందు అచ్చవుతుంది.
అబద్ధం ఒక్కటి కూడా ఆడక్కర్లేదు.

ఆ రాత్రి ఏమీ రాయలేదు. మరుసటి రాత్రీ రాయలేదు.

ఐదో రోజు సంపాదకుడికి రాశాను:
"ఇదే ఏటి మీద నా పని కూడా ఉంది, ఇంకా అచ్చు కాలేదు.
అది తెలిసే నన్ను చదవమంటే చదువుతాను.
లేదంటే వేరొకరికి ఇవ్వండి."
పన్నెండో రోజు జవాబు: "చదవండి."

చదివాను.
యాభై రెండు కాదు, యాభై ఒకటి అన్నాను.
ఆ బావి తీసేసినా
చివరి మాట నిలబడుతుందన్నాను.
"భాష" అని టైపు చేసి
ఆ రెండక్షరాలూ చెరిపేశాను.

ఇరవయ్యో రోజు పంపేసి, ఫైలు తీసేశాను.
లెక్క మాత్రం పోలేదు.
కొర్లగుంట మార్కెట్లో వంకాయలు ఏరుతుంటే వస్తుంది,
బస్సులో వస్తుంది.
అది అచ్చయ్యేదాకా బీరువా తెరవను.
అచ్చయ్యాక ఆ పేరేదో తెలుస్తుంది,
ఆ పేరు రాసే వాడుకుంటాను.

రోజంతా ఉమ్మేసి వచ్చినా
రాత్రి దండెం మీద నాయన చొక్కాకు
చీమలు పట్టేవి.